నీళ్ళు మాగాలి

మా పెరట్లో ఒక నీలం డ్రమ్ము, దాని పైన బల్ల మీద నిలువునా సగానికి కోసిన ఇంకో డ్రమ్ము ఉన్నాయి. కింది దాంట్లో చేపలు. పైదాంట్లో కంకర, కంకరలో తోటకూర. చిన్న మోటారు చేపల నీళ్ళను పైకి తోస్తుంది. అవి కంకరలోంచి దిగి మళ్ళీ చేపల దగ్గరికే వస్తాయి. దీన్ని ఆక్వాపోనిక్స్ అంటారు. పోయిన వేసవి సెలవుల్లో దీన్ని కట్టాను. కట్టేటప్పుడు మా అవ్వ నోట్లోంచి వచ్చిన ఒక మాట గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది విరుదునగర్ జిల్లా నరికుడి. వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఆ నీళ్ళు కన్మాయిలో, అంటే ఊరిచెరువులో, నిలిస్తేనే పంట. మా వీధి బోరునీళ్ళు ఉప్పన. గిన్నెలు తోముకోవచ్చు గానీ మొక్కకు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. మంచినీళ్ళు బిందెల్లో పట్టి దాచుకోవాల్సిందే. అయినా అవ్వ పెరట్లో చిన్న మడి పెట్టుకుని రోజూ సాయంత్రం ఒక బిందె మంచినీళ్ళు పోసేది. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు బాగా తినమని డాక్టరు చెప్పారు. అంగట్లో కొన్న కూర ఆమెకు సహించదు. ఎండలు ముదిరేసరికి నల్లమట్టి నెర్రెలిచ్చి, పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో తెలిసేది కాదు. "ఈ ఎండాకాలం మడి వద్దు" అని అమ్మ తేల్చేసింది. తాగే నీళ్ళ విషయంలో మా ఇంట్లో అమ్మ మాటే చివరిది. అవ్వ ఏమీ అనలేదు. కానీ ఆ సాయంత్రం ఎండిన మడి దగ్గరే చాలాసేపు కూర్చుంది.

అప్పుడే ఫోనులో ఈ పద్ధతి గురించి చదివాను. వర్జిన్ దీవుల్లో మంచినీళ్ళకు కటకటలాడే సెయింట్ క్రాయ్ అనే చోట, జేమ్స్ రాకోసీ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి చేపల్నీ కూరగాయల్నీ ఒకే నీళ్ళతో పెంచి చూపించారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న ఎత్తున చేసుకునేవాళ్ళ కోసం దీని మీద ఒక పుస్తకమే వేసింది. అక్కడ పనికొచ్చింది నరికుడిలో ఎందుకు పనికిరాదు అనుకున్నాను.

మొదటి పని కంకర ఎంచుకోవడం. చూడ్డానికి అన్నీ రాళ్ళే. కానీ మా వైపు పందల్‌గుడిలో సున్నపురాయి గనులున్నాయి, ఆ రాయి సిమెంటుకు పోతుంది. సున్నపురాయి కంకర వేస్తే అది మెల్లగా కరిగి నీళ్ళలో క్షారగుణం పెంచుతుంది. అప్పుడు నీళ్ళలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, లేతాకులు పచ్చబడిపోతాయి. అందుకని గిన్నెలో గుప్పెడు కంకర వేసి వెనిగర్ పోశాను. మొదటి రకం బుసబుసా పొంగింది. రెండో రకం, నల్లరాయి జల్లి, ఉలకలేదు. నాయన అదే తెచ్చారు.

చేపల్లో పనైయేరిని ఎంచుకున్నాం. ఆ తమిళ మాటకు తాటిచెట్టు ఎక్కేది అని అర్థం. ఇది గాలిని నేరుగా కూడా పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయి మోటారు ఆగినా తట్టుకుంటుంది. కాకపోతే పేరుకు తగ్గట్టే పైకి పాకుతుంది, డ్రమ్ముకు వల కట్టాలి. కన్మాయిలో చేపలు పట్టేవాళ్ళ దగ్గర ముప్పై చిన్నవి కొన్నాం. మేత లెక్క ఇలా ఉంటుంది. ఆకుకూరలకు ఒక చదరపు మీటరు కంకరకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత కావాలి. మా తొట్టి అర చదరపు మీటరే కాబట్టి 20 నుంచి 25 గ్రాములు. ముప్పై చేపలు తినగలిగేది కూడా సుమారు అంతే. అందుకే డ్రమ్ము కోస్తే రెండు తొట్లు వచ్చినా ఒక్కటే వాడాం. మోటారు 18 వాట్లది, గంటకు పావుగంట తిరుగుతుంది. రెండు నెలలకు ఏడు యూనిట్లు కూడా కాదు.

అసలు చిక్కు నీళ్ళతో వచ్చింది. డ్రమ్ములో ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. తగ్గినప్పుడల్లా బోరునీళ్ళు కలిపితే వారంవారం ఉప్పు పెరుగుతుంది. తమిళనాడులో 2003లోనే ఇళ్ళకు వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. ఆ గొట్టం మా డాబాకూ ఉంది. మేలో పడ్డ ఒక్క వానను దాంతో పట్టి డ్రమ్ము నింపాం. ఆ తర్వాత? "తాగే నీళ్ళు చేపలకు పోస్తావా?" అని అమ్మ తమిళంలో అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. నేను ఒక నోటుపుస్తకం తీసి డ్రమ్ము పక్కన వేలాడదీశాను. పోసిన ప్రతి బిందె అందులో రాయాలి. మడికి పోసినంత పోస్తే అదే రోజు ఆపేస్తాను అన్నాను.

అవ్వ మొదటి రోజే అంతా చూసి, "ఇదేందే, చెరువును తెచ్చి డ్రమ్ములో పెట్టినావే!" అంది. ఆమెకు వివరించాల్సిన పని లేకపోయింది. మాకు ఒకప్పుడు కన్మాయి కింద పొలం ఉండేది. ఇప్పుడు అక్కడ సీమకరువేలం, అదే సర్కారుతుమ్మ, కమ్మేసింది. ఆ రోజుల్లో నీళ్ళు తగ్గగానే చేపలు పట్టేవాళ్ళట, అడుగున మిగిలిన ఒండ్రును బండ్లతో పొలానికి తోలేవాళ్ళట. చేప బతికిన నీళ్ళలో పైరుకు బలం ఉంటుందని ఆమెకు ఎప్పుడో తెలుసు.

కానీ మూడు వారాలు గడిచినా తోటకూర వెలవెలబోతూనే ఉంది. కారణం నేను చదివాను. చేపలు ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. అది మొక్కకు నేరుగా అంతగా పనికిరాదు, ఎక్కువైతే చేపకే విషం. కంకర మీద పెరిగే కంటికి కనపడని జీవులు, నైట్రోసోమోనాస్ లాంటివి, దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. నైట్రోస్పైరా లాంటివి దాన్ని నైట్రేటు చేస్తాయి. అదే మొక్కకు తిండి. ఈ జీవులు కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంగ్లీషులో దీనికి 'సైక్లింగ్' అన్న మాట ఉంది. అవ్వకు ఆ మాట ఎలా చెప్పాలో తోచక, "ఇంకా కొన్నాళ్ళు ఆగాలవ్వా" అన్నాను.

"ఆగాలని నాకు తెలీదా? కొత్త నీళ్ళు కదే. నీళ్ళు మాగాలి" అంది.

మామిడికాయ మాగుతుందని విన్నాను. నీళ్ళు మాగుతాయని ఎప్పుడూ వినలేదు. కొత్త వానకు ఎర్రగా వచ్చిన చెరువునీళ్ళు నిలిచి, తేరి, పచ్చబడి, చేప నిలబడేదాకా పట్టే కాలాన్ని వాళ్ళ చిన్నప్పుడు అలా అనేవాళ్ళట. 'సైక్లింగ్' అన్న మాటలో చుట్టూ తిరగడమే ఉంది. అవ్వ మాటలో కాలం ఉంది, తొందరపెట్టకూడదన్న సంగతీ ఉంది.

అయిదో వారం దాటాక పరీక్ష గొట్టంలో అమ్మోనియా ఆకుపచ్చ పోయి పసుపుకు వచ్చింది. తోటకూర ముదురు రంగు తిరిగింది. నెల చివర అమ్మ నోటుపుస్తకం తీసి లెక్క కట్టింది. మడికి నెలకు ముప్పై బిందెలు పోయేవి, డ్రమ్ముకు పదహారు. ఏమీ అనకుండా పుస్తకం మళ్ళీ మేకుకు తగిలించింది. ఆ రోజు అవ్వ కంచంలో తోటకూర పప్పు. దీంతో ఇల్లు గడవదు, వారానికి రెండు కట్టలే వస్తాయి. అవ్వకు అవి చాలు.

హాస్టలుకు వచ్చేముందు చేయాల్సిన పనులు ఒక చీటీ రాసి పెట్టాను. అవ్వకు చదువు రాదు. అమ్మకు తమిళ అక్షరాలే వచ్చు. నేనూ తెలుగు రాత ఈ కాలేజీకి వచ్చాకే నేర్చుకున్నాను. అందుకని తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాశాను, అమ్మ చదివితే అవ్వ వింటుందని. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. అమ్మ గట్టిగా "రెండు రోజులకు ఒక పిందె" అని చదివింది. "తోటకూరకు పిందెలెప్పుడు కాసినాయే!" అని అవ్వ ఒకటే నవ్వు.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మా కరిసల్ నేల తమిళ మాటలన్నీ ఏరి నిఘంటువు కట్టారు. మా ఇళ్ళల్లోని తెలుగు మాటలు మాత్రం చాలావరకు అవ్వల నోళ్ళలోనే ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే రాసి ఈ గోడకు అంటించండి.

పోయిన ఆదివారం అమ్మ ఫోను చేసింది. ఎప్పట్లాగే తమిళంలో మాట్లాడుతూ, మధ్యలో "రెండో తొట్టి ఇంకా మాగలేదు" అంది. ఆ ఒక్కటీ తెలుగులో. రెండో తొట్టి ఎప్పుడు పెట్టారని అడిగాను. పది రోజులైందట.