సీసా ఏ వేళకు మోగింది

అమ్మది నరసరావుపేట దగ్గరి ఊరు. షుగరు మనిషి. కిడ్నీలో రాయికి స్టెంట్ వేయించి ఎన్నాళ్లో కాలేదు. చలిజ్వరం వస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు, ఇంజెక్షన్లు చేశారు. మర్నాటికి మాట తడబడింది, బీపీ పడిపోయింది. నగరంలోని టీచింగ్ ఆసుపత్రికి చేర్చేసరికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది.

ఐసీయూలో ముందుగా రక్తం తీశారు. ఒక చేతి నుంచి రెండు సీసాలు, రెండో చేతి నుంచి ఇంకో రెండు. ఒక్కో సీసాకి పది మిల్లీలీటర్ల దాకా. అంత నీరసంగా ఉన్న మనిషి దగ్గర అంత రక్తం ఎందుకని అడిగాను. "రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉంటుందండీ, తక్కువ తీస్తే దొరక్కపోవచ్చు" అన్నాడు జూనియర్ డాక్టరు. ఆ వెంటనే మెరోపెనెమ్ ఎక్కించారు. షాక్‌లో ఉన్నవాళ్లకి గంటలోపే యాంటీబయాటిక్ పడాలి, రిపోర్టు కోసం ఆగకూడదు. అది సరైన పద్ధతే. కానీ ఆ మందు అమ్మ ఒంట్లోని క్రిమి మీద పనిచేస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ తెలియకపోవడాన్ని మోయడమే నేను పడ్డ కష్టమంతా. అమ్మకి గొట్టాలు వేశారు, బీపీ నిలబెట్టే మందు డోసు పెంచుతూ పోయారు, మూత్రం ఆగిపోయింది. డాక్టరు బయటికి వచ్చిన ప్రతిసారీ "కల్చర్ రానివ్వండి" అనేవారు. నాకు నిలవబుద్ధి కాక మైక్రోబయాలజీ ల్యాబ్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. అక్కడి మేడమ్ నన్ను కసురుకోలేదు. ఏం జరుగుతోందో చెప్పింది. ఈ రోజు నేనిది రాయగలుగుతున్నానంటే ఆమె చెప్పబట్టే.

సీసాల్ని ఒంటి వేడి ఉన్న యంత్రంలో పెడతారు. బ్యాక్టీరియా పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే సీసా అడుగున రంగు మారుతుంది, యంత్రం మోగుతుంది. మామూలుగా అయితే అసలు నిరీక్షణ అక్కడే మొదలవుతుంది. సీసాలోది ప్లేటు మీద వేసి, పాలకి తోడు పెట్టి పేరుకునేదాకా ఆగినట్టు ఒక రాత్రి ఆగాలి. పెరిగినదాన్ని తీసి మందులతో పరీక్షకు పెట్టాలి, చాలాసార్లు మరో రాత్రి. మోగాక కూడా రెండు రోజులు.

యూరప్‌లో ఈ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే యూకాస్ట్ సంస్థ 2018లో దీనికి ఒక దగ్గరిదారి చూపించింది. మోగిన సీసాలోంచి కొద్ది చుక్కల్ని నేరుగా ప్లేటు మీద పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, నాలుగు, ఆరు, ఎనిమిది గంటలకు చూస్తారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడుతుంది. దాన్ని కొలుస్తారు. అమ్మ సీసా ఉదయం, ల్యాబ్ వాళ్లు డ్యూటీకి వచ్చే వేళకి మోగింది. వెంటనే ప్లేటు వేశారు. క్రిమి క్లెబ్సియెల్లా అని తేలింది. నాలుగో గంటకి తేడా స్పష్టంగా లేదు. అలాంటప్పుడు రిపోర్టు రాయకూడదన్నది నియమం. ఆరో గంటకి తేలింది. మెరోపెనెమ్ బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా పెరిగి ఉంది.

అంటే అప్పటిదాకా అమ్మకి ఎక్కించిన మందు ఆ క్రిమిని ఏమీ చేయలేకపోయింది.

మేడమ్ కాగితం కోసం చూడకుండా ఐసీయూకి ఫోన్ చేసింది. మందుని కోసి పారేసే ఎన్‌డీఎమ్ అనే ఎంజైమ్ ఆ క్రిమిలో ఉందని ఇంకో చిన్న పరీక్షలో తేలింది. ఆ ఎంజైమ్‌ని 2008లో మన దేశం నుంచి స్వీడన్‌కి తిరిగి వెళ్లిన రోగిలో మొదట కనిపెట్టి, దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారు. అది అజ్‌ట్రియోనామ్ అనే మందుని కోయలేదు, కానీ దానికి తోడుగా ఉండే ఇతర ఎంజైములు కోస్తాయి. వాటిని అవిబాక్టమ్ అడ్డుకుంటుంది. అందుకే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, అజ్‌ట్రియోనామ్ కలిపి ఇచ్చారు. వయల్ ఖరీదు వేలల్లో. తమ్ముడు గొలుసు తాకట్టు పెట్టి బయట మందుల షాపు నుంచి తెచ్చాడు. మర్నాటి నుంచి బీపీ మందు తగ్గిస్తూ వచ్చారు.

పక్క బెడ్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. బైకు ప్రమాదం, మెడ దగ్గర వేసిన లైను నుంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. అతని సీసా రాత్రి మోగింది. ఆ వేళ డ్యూటీలో ఉన్నవాళ్లు స్లైడు చూసి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియా అని మాత్రం చెప్పారు. బిళ్లల పరీక్ష పగటిపూటే చేస్తారు. ప్లేటు తెల్లారాక వేశారు. ఫలితం వచ్చేలోపు అబ్బాయి పోయాడు. ముందే తెలిసినా బతికేవాడని చెప్పలేమన్నారు డాక్టర్లు. అది నిజమే కావచ్చు. కానీ కెనడా, అమెరికా ఆసుపత్రుల రోగుల మీద 2006లో వచ్చిన ఒక అధ్యయనం నేను తర్వాత చదివాను. సెప్టిక్ షాక్‌లో బీపీ పడిపోయాక మొదటి ఆరు గంటల్లో పనిచేసే మందు అందడం ఒక్కో గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గిందని అందులో ఉంది. ఆ అబ్బాయికి ఆ రాత్రంతా పోయింది.

ఈ పరీక్షకి కొత్త యంత్రమేదీ కొననక్కర్లేదు. ప్లేట్లూ బిళ్లలూ ఆ ల్యాబ్‌లో ఉన్నవే. సరిగ్గా ఆ గంటకి ప్లేటు తీసి కొలిచే మనిషి కావాలి. ఆ మనిషి రాత్రి లేడు.

అమ్మ కొన్నాళ్లు డయాలసిస్ మీద ఉండి ఇంటికొచ్చింది. కాలివేళ్లలో రెండు తీసేశారు. ఇప్పటికీ మాటలు మరిచిపోతుంది. అబ్బాయి నాన్నగారు ఫోన్ చేసి "మీ అమ్మగారిది ఏ టైముకి మోగిందమ్మా?" అని అడిగారు. దాచకుండా చెప్పాను. ల్యాబ్‌లో మూడు షిఫ్టుల్లోనూ ఈ పరీక్ష చేసే టెక్నీషియన్‌ని పెట్టాలని ఇద్దరం కలిసి ఆసుపత్రికి అర్జీ ఇచ్చాం. పోస్టులు మంజూరు కావాలని జవాబొచ్చింది. అదే అర్జీ కలెక్టరు గారికి కూడా పెట్టాం.