పడవ అడుగున కంచా, ఇత్తడా?

కామాఠీపురాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు తెరచాప పడవ ఎందుకని మన బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. తాత కరీంనగర్ వైపు నుంచి బొంబాయి వచ్చి డాక్‌లో ఫిట్టర్‌గా చేశాడు. ఎన్నో ఓడలు రిపేరు చేశాడు గానీ ఒక్కసారీ సరదాకు ఎక్కింది లేదు. ఆ కోరిక బాపుకు, కాకకు వచ్చింది. ఇంతకంటే మంచి కారణం మా దగ్గర లేదు. ఇద్దరూ కలిసి కొన్న 26 అడుగుల పాత ఫైబర్ పడవ వానలు లేనన్నాళ్ళు కొలాబా దగ్గర బోయకు కట్టి ఉంటుంది, వానాకాలానికి ముందు ఒడ్డెక్కుతుంది. పోయినసారి ఒడ్డెక్కినప్పుడు అడుగున ఉన్న నీటి బిగింపులన్నీ మార్చాం. రెండు నెలలు ఇంట్లో అన్నం దగ్గర కూడా అదే మాట.

పడవకు నీటిమట్టం కింద రంధ్రాలుంటాయంటే చాలామంది నమ్మరు. మా దానికి ఆరున్నాయి. ఇంజిన్ చల్లబడటానికి సముద్రపు నీళ్ళు వచ్చేది ఒకటి, టాయిలెట్‌కు రెండు, వంటగది సింకుకు ఒకటి, మనం కూర్చునే చోట పడ్డ నీళ్ళు పోవడానికి రెండు. ప్రతి రంధ్రంలో పడవ గోడలోంచి బయటికి పోయే లోహపు గొట్టం ముక్క, దాని లోపలి చివర సీకాక్ అనే వాల్వు, ఆ తర్వాత రబ్బరు పైపు ఉంటాయి. ఈ మూడింట్లో ఏది తెగినా సముద్రం లోపలికే. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళం రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 140 లీటర్లు వస్తాయి. పడవలో ఉండే చిన్న పంపు దానితో పోటీ పడలేదు. పైగా వారంలో ఆరు రోజులు పడవలో ఎవరూ ఉండరు.

టాయిలెట్ వాల్వు దగ్గర కాక స్పానర్ వేసి కొంచెం తిప్పగానే మెడ దగ్గర విరిగి చేతికొచ్చింది. విరిగిన చోట పసుపుగా ఉండాల్సిన ఇత్తడి లేత గులాబీ రంగులో, గోటితో గీరితే రాలేట్టు ఉంది. ముందటి ఆదివారమే పిల్లలు ఆ పడవలో ఎలిఫెంటా దాకా పోయొచ్చారు. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

ఇత్తడి అంటే రాగి, జింకు. మామూలు నల్లా సామాను ఇత్తడిలో జింకు 40 శాతం దగ్గర ఉంటుంది. ఉప్పునీళ్ళలో ఆ జింకు మెల్లగా కరిగి వెళ్ళిపోతుంది, మిగిలిన రాగి స్పాంజిలా గుల్లవుతుంది. ఆకారం మారదు, కొలత మారదు, బలం మాత్రం పోతుంది. బొంబాయి హార్బరు లాంటి వెచ్చటి, మురికి నీళ్ళలో ఇది ఇంకా తొందరగా సాగుతుంది. నాయినమ్మకు ఇది చెప్పాల్సిన పని లేకపోయింది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమి అట్లనే వదిలేస్తే ఎర్ర మచ్చలు పడతాయని ఆమెకు తెలుసు. పులుపు పైపైన జింకును తీసేస్తుంది, రాగి కనపడుతుంది. ఆమె కంచు పళ్ళెం కొనేటప్పుడు తట్టి చూసేది. పాత సీకాక్‌ను కూడా చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే సరే, మట్టికుండలా మొద్దుగా పలికితే నమ్మొద్దు.

కంచులో రాగితో కలిసేది తగరం. తినే కంచాల్లో తగరం 22 శాతం దాకా ఉంటుంది, వాల్వులకు వాడే గన్‌మెటల్‌లో చాలా తక్కువ. రాగి 85, తగరం, సీసం, జింకు తలా 5. మన దేశంలో ఐఎస్ 318లో దీన్ని ఎల్‌టీబీ 2 అంటారు. పేర్లతో జాగ్రత్త: మాంగనీసు బ్రాంజ్ అని అమ్మేదాంట్లో కూడా జింకు 40 శాతం దాకా ఉంటుంది. పేరు కంచు, గుణం ఇత్తడి.

నాగ్‌దేవి స్ట్రీట్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే నాలుగింట్లోనూ "అసలీ గన్‌మెటల్ హై సాబ్" అన్నారు. కాక జేబులో ఆకురాయి పెట్టుకుని పోయాడు. కంటికి కనపడని మూల ఒక గీత గీస్తే కొన్ని పసుపుగా మెరిశాయి, కొన్ని ఎర్రగా. నికెల్ పూత ఉన్నవాటిని ముట్టుకోనేలేదు. పూత కింద ఏముందో ఎవడికి తెలుసు.

అసలు గొడవ తాత పెట్టెతో వచ్చింది. ఆయన దాచిన గేట్ వాల్వులు మూడు అందులో ఉన్నాయి, గీసి చూస్తే నిజంగానే గన్‌మెటల్. బాపు వాటినే బిగిద్దామన్నాడు. "నాయిన చేతి సామాను పడవలో ఉండాలె" అన్నాడు, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి కాక ఒకటి విప్పి చూపించాడు. ఒళ్ళు గన్‌మెటలే గానీ లోపలి కడ్డీ ఇత్తడి. పైగా గేట్ వాల్వు మూసిందో తెరిచిందో బయటికి తెలీదు, చిన్న గవ్వముక్క ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు. బాపు చాలాసేపు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది డాబా మీది ట్యాంకుకు పెట్టుండ్రి" అన్నాడు.

స్టీలు ఎందుకు వద్దంటే, 316 రకమైనా సరే, గాలి తగలని సందుల్లో, సీలెంటు కింద నిలిచిన ఉప్పునీళ్ళలో గుంటలు పడుతుంది. యూరప్ పడవల్లో ఆర్సెనిక్ కలిపి జింకు కరగకుండా చేసిన ఇత్తడి వాడతారు. సాదా ఇత్తడి కంటే చాలా మేలు. కానీ అక్కడి ఐఎస్ఓ 9093 ప్రమాణం ఐదేళ్ళు చెడకుండా ఉంటే చాలంటుంది, మనం అంతకంటే ఎక్కువకే చూసుకోవాలి. గాజు పోగులు కలిపిన నైలాన్ సీకాక్‌లకు తుప్పు సమస్యే లేదు. ఇనుప పడవ ఉన్నవాళ్ళు అవే పెట్టుకోవాలి. మరీ బలంగా తిప్పితే హ్యాండిల్ విరగొచ్చు, మంటకు ఆగవు. ఇంజిన్ పక్కన అవి పెట్టడానికి మాకు మనసొప్పలేదు.

చివరికి అడుగున వెడల్పు రేకుండి బోల్టులతో బిగించే గన్‌మెటల్ సీకాక్‌లు తీసుకున్నాం. ఆరు కాదు, నాలుగే. టాయిలెట్ రెండు రంధ్రాల అంచులను పన్నెండు పాళ్ళకు ఒక పాలు వాలుగా అరగదీసి, ఫైబర్ పొరలు వేసి పూడ్చేశాం. ఇప్పుడు బకెట్ రకం టాయిలెట్. మా వదినకు నచ్చలేదు, పిల్లలకు నవ్వులాట.

మరల సంగతి మర్చిపోవద్దు. గొట్టం ముక్కకు సాఫీ మర, వాల్వుకు వాలు మర ఉంటే రెండు మూడు చుట్లే పట్టి బిగిసినట్టనిపిస్తుంది. అమెరికా సామానుకు మన దగ్గర దొరికే బీఎస్‌పీ మర కలవదు. రెండూ ఒకే చోట, ఒకే మరతో కొనాలి. అమెరికా పడవల ప్రమాణం ప్రకారం సీకాక్ లోపలి కొస మీద 227 కిలోల బరువు 30 సెకన్లు ఆగాలి. ఒక మనిషి పొరపాటున దాని మీద కాలు పెట్టినా విరగకూడదని దాని అర్థం. అందుకే ఒక్కోదాని కింద మందపాటి గాజు-ఎపాక్సీ దిమ్మె వేశాం. పైపుకు రెండేసి క్లిప్పులు, పక్కనే తాడుకు వేలాడే చెక్క బిరడా.

నీళ్ళలోకి దింపిన రోజు క్రేన్ పట్టీలు విప్పకుండా అరగంట ఆపించాం. క్రేన్ వాడు గొణిగాడు. బాపు టార్చి పట్టుకుని నాలుగింటి చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, గుడ్డ పిండి చూశాడు. ఇప్పుడు నెలకోసారి అన్నిటినీ తెరిచి మూస్తాం, లేకపోతే బార్నకిల్స్ పట్టేస్తాయి. పడవ వదిలి వచ్చేటప్పుడు ఇంజిన్‌దీ సింకుదీ మూస్తాం. వాననీళ్ళు పోయే రెండూ తెరిచే ఉంచాలి. ఇంజిన్ సీకాక్ మూశాక కాక ఇంజిన్ తాళంచెవిని దాని హ్యాండిల్‌కే తగిలిస్తాడు. ఎవరు స్టార్టు చేయాలన్నా ముందు అక్కడికి వంగాల్సిందే.