పఠన మందిరంలో ఒక కూత

చదువుకునే చోటు ఎలా ఉండాలని అడిగితే మీలో చాలామంది "నిశ్శబ్దంగా ఉండాలి" అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. రాయపూర్‌లో జరిగిన ఒక చిన్న సంఘటన తరువాత ఆ మాట అనేముందు కొంచెం ఆలోచిస్తున్నాను. ఆ సంఘటన మీకు చెప్పాలని ఉంది.

రాయపూర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర రాజధాని. విజయనగరం నుంచి రాయపూర్ వరకు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారి వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. అటువంటి కుటుంబాల నుంచి వచ్చిన అభ్యాసకులను కలుసుకోవడానికి నేను ఒకసారి అక్కడికి వెళ్ళాను. తరగతికి ముందురోజు సాయంత్రం పాఠాలు సరిచూసుకుందామని ఒక చిన్న పఠన మందిరంలో కూర్చున్నాను. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. పుట తిప్పిన చప్పుడు కూడా వినిపిస్తోంది.

ముప్పై ఏళ్ళ యువకుడొకడు వచ్చి, సంచిలోంచి పాత లాప్‌టాప్ తీసి మీట నొక్కాడు. వెంటనే అది పెద్దగా రాగం తీసింది. తలలన్నీ అటు తిరిగాయి. అతను కంగారుపడి ఏవేవో మీటలు నొక్కాడు. అది మరో రెండు కూతలు కూసింది. మందిరం చూసుకునే ఆయన వచ్చి, దానిని బయటకు తీసుకుపొమ్మని హిందీలో కసిరాడు. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నేను రెండు బల్లల అవతలే ఉన్నాను. ఏ మీట నొక్కితే ఆ శబ్దం ఆగుతుందో నాకు తెలుసు. అయినా లేవలేదు. పైగా నేనూ విసుగ్గానే అటు చూశాను.

మరునాడు తరగతిలో ముందు వరుసలో అతనే కనిపించాడు. విరామంలో నా దగ్గరికి వచ్చి, "నిన్న మీరూ అక్కడే ఉన్నారు కదా, మాస్టారూ" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరింత సిగ్గు వేసింది.

"ఇవాళ కూడా వెళ్తావా, తమ్ముడూ?" అని అడిగాను.

"మరి వెళ్ళనండి. ఇంట్లో ఉన్నది ఒకటే గది. టీవీ, పిల్లలు, వంట అన్నీ అందులోనే. అక్కడైతే రెండు గంటలు చదువుకోవచ్చనుకున్నాను. అందరి ముందూ అలా అయ్యాక మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

కాసేపాగి ఒక ప్రశ్న వేశాడు. "అసలు ఆ చప్పుడు ఎందుకు పెట్టారు, మాస్టారూ?"

మంచి ప్రశ్న. ఐబీఎం సంస్థ 1981లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లోనే ఒక చిన్న స్పీకరు ఉండేది. యంత్రం మొదలవగానే తన భాగాలను తానే పరీక్షించుకునేది. ఒక చిన్న కూత వస్తే అంతా సవ్యంగా ఉందని అర్థం. ఇంకో రకంగా కూస్తే ఏదో లోపం ఉందన్నమాట. తెర పనిచేయకపోయినా ఆ సంగతి చెవికి తెలిసేది. అంటే ఆ కూత పనికివచ్చేదే. తరువాత దాని స్థానంలో సంగీతం వచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95 కోసం బ్రయన్ ఈనో అనే ఆంగ్ల సంగీతకారుడు కొద్ది సెకన్ల రాగం కట్టాడు. ఇంట్లో వింటే అది స్వాగతంలా ఉంటుంది. పఠన మందిరంలో అదే అల్లరి అవుతుంది.

ఆ విరామంలోనే లాప్‌టాప్ తెరిచి అతనికి నాలుగు పనులు నేర్పాను. మీరూ చేసి చూడండి.

ఒకటి, తెర కింద కుడి మూలన ఉన్న స్పీకరు బొమ్మను నొక్కి శబ్దం ఆపండి. చాలా కీబోర్డులపై ఇందుకు వేరే మీట కూడా ఉంటుంది. ఇంటి నుంచి బయలుదేరేముందే ఈ పని చేయాలి.

రెండు, కంట్రోల్ పానెల్‌లో సౌండ్ అనే విభాగం తెరవండి. అందులో సౌండ్స్ అనే పుటలో, విండోస్ మొదలైనప్పుడు వచ్చే రాగానికి ఎదురుగా ఉన్న టిక్కు గుర్తు తీసేయండి. అక్కడే నో సౌండ్స్ అనేది ఎంచుకుంటే విండోస్ హెచ్చరికల కూతలు కూడా ఆగుతాయి.

మూడు, షిఫ్ట్ మీటను వరుసగా ఐదుసార్లు నొక్కితే ఒక కూతతో పాటు తెరపై ప్రశ్న వస్తుంది. కంగారులో తెలియకుండా జరిగేది ఇదే. అప్పుడు వద్దని చెబితే చాలు.

నాలుగు, వీడియో పాఠం వినాలంటే ముందు ఇయర్‌ఫోను తగిలించి, తరువాత పాఠం మొదలుపెట్టండి. తీసేటప్పుడు ముందు పాఠం ఆపండి. లేకపోతే మిగతా పాఠం మందిరమంతా వింటుంది.

అయితే ఒకరికి అక్కరలేని శబ్దం ఇంకొకరికి ఆధారం కావచ్చు. చూపు లేని అభ్యాసకులకు ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు తెరపై ఉన్నది చదివి వినిపిస్తుంది. వారి కంప్యూటర్‌ను మూగబోయేలా చేస్తే వారి చదువే ఆగిపోతుంది. అక్కడ ఇయర్‌ఫోనే సరైన మార్గం.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళు పరిమితి. ఇది వీధి రణగొణధ్వనికి సంబంధించిన చట్టం. గది లోపలి నిశ్శబ్దాన్ని కాపాడేది మర్యాదే. ఆ మర్యాద శబ్దం చేసినవాడికే కాక, విన్నవాడికీ ఉండాలి. "ఇలా నొక్కు, తమ్ముడూ" అని నేను మెల్లగా చెప్పి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు రాయపూర్‌లో చదువుకునే చోట్లు పెరిగాయి. 2018లో మొదలైన నలందా పరిసర్‌లో రాత్రింబవళ్ళు చదువుకునే ఏర్పాటు ఉంది. కాని ఎంత పెద్ద మందిరం కట్టినా, ఒకసారి సిగ్గుపడి వెళ్ళిపోయినవాడు దానంతట అది తిరిగి పిలవలేదు.

ఆ సాయంత్రం మేమిద్దరం కలిసి ఆ పఠన మందిరానికే వెళ్ళాం. గుమ్మం దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు. లోపలికి వచ్చి, కూర్చుని, మీట నొక్కి, ఊపిరి బిగబట్టాడు. తెర వెలిగింది. శబ్దం రాలేదు. అతను నావైపు చూసి నవ్వాడు. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. అది కిర్రుమంది. ఈసారి తలలన్నీ నావైపు తిరిగాయి.

ఆలోచించి రాయండి: మీకు తెలియని పని చేస్తూ నలుగురి ముందు ఇబ్బందిపడిన సందర్భం ఒకటి గుర్తు చేసుకోండి. అప్పుడు ఎవరు ఏ మాట అని ఉంటే మీకు ధైర్యం వచ్చేది? పది వాక్యాలలో రాయండి.