మాదే తరగతి?

"మేం మధ్యతరగతి వాళ్ళం లెండి" అనని మనిషి మన కాలేజీలో కనబడడు. కారు దిగేవాడిదీ అదే మాట, బస్సు పాసు గడువు చూసుకునేవాడిదీ అదే మాట. ఇంతమందిని పట్టించుకున్న ఆ మధ్య ఎంత వెడల్పో!

మా ఆత్రేయపురంలో తాతయ్య నోట ఈ మాట నేనెన్నడూ వినలేదు. మోతుబరి, చిన్న రైతు, కౌలుదారు, పాలేరు - అంతే. మధ్యతరగతి పొలంలో మొలిచింది కాదు, కచేరీలో మొలిచింది. గుమాస్తా, ప్లీడరు, మేష్టారు - ఇంగ్లీషు చదువు, నెల జీతం. కానీ మా వైపు దానికి నీరు పోసింది గోదావరేనని నా అభిప్రాయం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. మరుసటి ఏడే రాజమండ్రిలో, నేటి ఆర్ట్స్ కాలేజీకి మూలమైన స్కూలు వెలిసింది. కాలవ కింద పండిన ధాన్యంలో కొంత ఫీజుగా మారింది. అన్నదమ్ముల్లో ఒకడు అరక పట్టాడు, ఒకడు కలం పట్టాడు. (కలం పట్టినవాడింటికి బియ్యం బస్తా ఊరినుంచే వెళ్ళేది, అది వేరే సంగతి!)

ఇప్పుడు మా సంగతి చూడండి. మాకు నాలుగెకరాల మాగాణి. 2019లో కేంద్రం, రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదలకు 10 శాతం కోటా ఇస్తూ, 5 ఎకరాలున్న కుటుంబానికి వర్తించదంది. ఆదాయం 8 లక్షల లోపు గనక ఆ లెక్కన మేం పేదలం. అదే ఏడాది మన రాష్ట్రం బియ్యం కార్డుకు గీసిన గీత 3 ఎకరాల లోపు మాగాణి. ఈ లెక్కన కలిగినవాళ్ళం! గట్టు మాత్రం జానెడు జరగలేదు. పోనీ ఎకరాలే ఆస్తి అనుకుందామంటే, 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామమన్నారే, ఆ ఏడు ఎకరాలు ఏం తిండి పెట్టాయి?

మా వీధిలో పూతరేకులు తీసే ఒకావిడకు సెంటు భూమి లేదు. బోర్లించిన కుండ ముందు, ఎండు కొబ్బరాకు మంట దగ్గర కూర్చుని కూతుర్ని ఇంజనీరింగు చదివిస్తోంది. 2023లో పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆవిడ కళ్ళకు పొగ తప్పలేదు. "మేమూ మధ్యతరగతే బాబూ" అంటుంది. చెయ్యి చాచం, అప్పు ఎగ్గొట్టం, పిల్లని చదువు మాన్పించం అని ఆవిడ అర్థం. జీతంతో పుట్టిన మాట, జీతం లేనివాళ్ళ పరువుగా మారిందన్నమాట.

మా నాన్నగారికి ఈ చర్చలేవీ పట్టవు. ఆయన లెక్క ఒక్కటే: చెల్లికీ నాకూ చెరి రెండెకరాలు. అప్పుడు భూమి మట్టుకు చూస్తే, ఇద్దరం బియ్యం కార్డుకు అర్హులమే.