కుంభకోణంలో మూడు రోజులు

కుంభకోణం వెళుతున్నామని ఆంధ్రదేశంలోని చుట్టాలకు చెబితే ముందు నవ్వుతారు. తెలుగు పత్రికలలో ఆ మాటకు అర్థం వేరు గదా! ఎక్కడ ప్రజల సొమ్ము గల్లంతైనా దానికి ఆ పేరే పెడతారు. పాపం, ఆ ఊరు చేసిన నేరం ఏమీ లేదు. తమిళనాట తరతరాలుగా కాపురమున్న మనవంటి వారికైనా ఆ పేరు వినగానే మొదట గుడి, తరువాత కాఫీ, ఆ తరువాత తమలపాకు గుర్తుకు రావాలి.

సంక్రాంతి వెళ్ళిన వారంలో మేము పెద్దా చిన్నా కలిసి ఎనిమిది మందిమి తంజావూరు మీదుగా రైలులో వెళ్ళి అక్కడ దిగాము. తంజావూరికి ఇది 40 కిలోమీటర్ల దూరం. ఊరికి ఉత్తరాన కావేరి, దక్షిణాన దాని పాయ అరసలారు. 2021లో నగరపాలక సంస్థ అయినప్పటికీ ఊరి నడక మాత్రం మారలేదు. తెల్లవారు జామున ప్రతి వాకిటా ముగ్గు పడుతుంది. మధ్యాహ్నం గుళ్ళ తలుపులు మూస్తారు; అంగళ్ళవారు కూడా ఒక కునుకు తీస్తారు. మళ్ళీ సాయంత్రం గంట మోగితే ఊరంతా లేచి వీధిలోకి వస్తుంది. తొందరపడేవారు ఎవరైనా కనిపిస్తే వారు మనవలె పొరుగూరి నుండి వచ్చిన వారే!

కావేరిలో నీరు పలచబడి వున్నది. జూన్ 12న మేట్టూరు ఆనకట్ట తలుపులు తెరవడం, జనవరి నెలాఖరులో మూయడం రివాజు. వానలను బట్టి ఆ తేదీలు మారుతూ వుంటాయి. కనుక స్నానఘట్టాలలో మునక వేయదలచినవారు నీరున్న నెలలు చూచుకొని వెళ్ళడం మంచిది. మా అత్తయ్య మాత్రం మోకాలి లోతు నీటిలో కూర్చుని, చెంబుతో పోసుకొని, తృప్తిగా లేచింది.

మొదటి రోజు ఆది కుంభేశ్వరుని దర్శించాము. ప్రళయకాలంలో బ్రహ్మ సృష్టిబీజాలను అమృతంతో కలిపి ఒక కుంభంలో వుంచాడట. అది తేలివచ్చి ఇక్కడ ఆగగా, శివుడు కిరాతరూపంలో బాణం వేసి పగులగొట్టాడని స్థలపురాణం. చిందిన అమృతం నిలిచిన చోటే మహామఖ పుష్కరిణి అంటారు. ఆ కోనేటి చుట్టూ 16 మండపాలున్నవి. తంజావూరి నాయకరాజుల మంత్రి గోవింద దీక్షితులు వాటిని కట్టించాడని ప్రసిద్ధి.

ఇక్కడ మన పాఠకులకు ఒక ముచ్చట చెప్పాలి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. ఆయన అదే రాశిలో వుండగా, మఖా నక్షత్రంతో కూడిన పౌర్ణమి వేళ కుంభకోణంలో మహామఖం వస్తుంది. 2015 జూలైలో రాజమండ్రి రేవులలో మనవారు మునిగారు; 2016 ఫిబ్రవరి 22న ఇక్కడివారు మునిగారు. గోదావరి ఒడ్డున మొదలైన పండుగ కావేరి ఒడ్డున ముగిసినట్లున్నది. రాబోయే పుష్కరాలు 2027లో, మహామఖం 2028లో.

రెండవ రోజు ఉదయం నాలుగు కిలోమీటర్ల దూరంలోని దారాసురం చూచాము. 12వ శతాబ్దిలో రెండవ రాజరాజ చోళుడు కట్టించిన ఐరావతేశ్వరాలయం అది. గుర్రాలు లాగే రథంవలె చెక్కిన మండపం ముందు పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. 2004లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. తంజావూరు, గంగైకొండ చోళపురం, దారాసురం మూడింటికీ కలిపి వారు పెట్టిన పేరులో 'సజీవ' అనే మాట వున్నది. నిత్యం దీపం వెలుగుతున్న గుళ్ళు గనుక ఆ మాట పెట్టారు.

సాయంత్రం రామస్వామి కోవెలకు వెళ్ళాము. సీతారాములు ఒకే పీఠం మీద పట్టాభిషేక భంగిమలో కూర్చున్నారు. ప్రాకారపు గోడల మీద రామాయణమంతా బొమ్మలుగా వ్రాశారు. ప్రదక్షిణం చేస్తూ పిల్లలే మాకు కథ చెప్పారు. గుడికి కారకుడైన రఘునాథ నాయకుడు 17వ శతాబ్ది తొలినాళ్ళలో తంజావూరు ఏలిన ప్రభువు. యుద్ధవీరుడు, వీణ తెలిసినవాడు, తెలుగులో 'వాల్మీకి చరిత్ర', రామాయణం రచించిన కవి. చేమకూర వేంకటకవి 'విజయవిలాసము' అంకితమిచ్చింది ఈయనకే. ఆ సంగతులు చెబుతూ వుంటే పన్నెండేండ్ల మా మనుమరాలు అడిగింది:

"అయితే తాతా, ఆ రాజు వ్రాసింది నేను చదవవచ్చునా?"

మాలో ఎవరికీ వెంటనే మాట రాలేదు. ఆ పిల్ల ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతుంది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు అక్షరాలు రావు. గోడ మీది రాముణ్ణి గుర్తుపట్టింది గాని, ఆ రాముణ్ణి ఇక్కడ ప్రతిష్ఠింపజేసిన రాజు వ్రాసిన పుస్తకం చేతికిస్తే అది ఆమెకు వట్టి గీతలే. ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదని ఈ పత్రిక చదివే పెద్దలందరికీ తెలుసు. మనలో చాలా ఇండ్లలో తాతగారు చదివి వినిపించగా మిగిలినవారు వింటున్నారు. తాతగారి తరువాత?

మూడవ రోజు శార్ఙ్గపాణి సన్నిధికి వెళ్ళాము. గోపురం ఆకాశాన్ని తాకుతున్నది; గర్భాలయం ఏనుగులూ గుర్రాలూ లాగే రథం. మండపంలో ఒక వృద్ధ వైష్ణవుడు మాకు నాథమునుల కథ చెప్పాడు. ఆళ్వారుల పాసురాలు నాలుగు వేలూ ఒకప్పుడు మరుగున పడ్డాయట. ఎవరో యాత్రికులు ఈ స్వామి మీది పది పాసురాలు పాడుతూ వుండగా నాథమునులు విన్నారు. ఇవి వేయింటిలో పది అని చివర వుండేసరికి, తక్కినవి ఏవి అని వెదుకుతూ బయలుదేరారు. చివరకు నమ్మాళ్వారి అనుగ్రహం వలన నాలుగు వేలూ లభించాయని వైష్ణవ సంప్రదాయం. ఆ పదింటినీ ఎవరూ పాడకుండా వుంటే వెదకవలసినవి వున్నాయని కూడా తెలిసేది కాదు.

గుడి నుండి సన్నిధి వీధిలోకి వచ్చాము. గణితవేత్త రామానుజన్ పెరిగిన పెంకుటిల్లు ఆ వీధిలోనే వున్నది. ఇప్పుడది స్మారక మందిరం. అది చూచి, ఒక హోటలులో ఇత్తడి దబరాలలో డిగ్రీ కాఫీ తాగాము. మా అత్తయ్య కాఫీ చల్లార్చుకుంటూ, "పదితోనే నాలుగు వేలు దొరికాయి గదే. నువ్వు రోజుకు పది అక్షరాలు నేర్చుకో. ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నది. పిల్ల వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఆరు రోజులు" అన్నది. "గుణింతాలూ ఒత్తులూ ఎవరు నేర్చుకుంటారు? రెండు నెలలు వేసుకో," అని అత్తయ్య నవ్వింది. బిల్లు వెనుక 'రఘునాథ' అని వ్రాసి చూపింది. పిల్ల దాని క్రింద అదే దిద్దింది. 'ఘ' మాత్రం మూడుసార్లు దిద్దవలసి వచ్చింది.

కుంభకోణం వెళ్ళదలచినవారికి ఒక మనవి. 1992 మహామఖంలో తొక్కిసలాట జరిగి ఏభైమంది వరకు మరణించారు. కనుక 2028 పర్వదినాన వృద్ధులను, పసివారిని తీసుకువెళ్ళేటప్పుడు ముందుగా ఆలోచించుకోవాలి. మామూలు రోజులలో వెళితే ఊరు నిదానంగా కనిపిస్తుంది. ఉదయం రెండు గుళ్ళు, సాయంత్రం రెండు గుళ్ళు చాలును. మధ్యాహ్నం విశ్రాంతివేళ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. సంచిలో ఒక పెద్ద బాలశిక్ష, ఒక పలక వేసుకొని వెళ్ళండి.