మొదటి ఆప్షన్ ఏది పెట్టాలి?

నూజివీడు దాటి మైలవరం రోడ్డెక్కితే మామిడి తోటల మధ్యలోంచే పోవాలి. మే నెల కావడంతో ముగ్గిన రసాల వాసన వద్దన్నా తగులుతుంది. ట్రిపుల్ ఐటీ ప్రాంగణం ఈ రోడ్డు మీదే ఉంది. పదో తరగతి ఫలితాలు వచ్చాయి, దరఖాస్తుల గడువు ఇంకా ముగియలేదు. జిల్లా పరిషత్ బడిలో ఫస్టొచ్చిన ఎస్సీ కాలనీ పిల్ల కాలేజీని ఎలా ఎంచుకుంటుందో చూద్దామని, తెలిసిన లెక్కల మాస్టారి వెంట దగ్గర్లోని ఓ పల్లెకు వెళ్లాను.

పిల్ల తల్లిదండ్రులు ఇంట్లో లేరు, కోతలో ఉన్నారు. తోట ఆసామి హైదరాబాదులో ఉంటాడు, కాయ గుత్తకు తీసుకున్న వ్యాపారిదీ ఈ ఊరు కాదు. వీళ్లవి కూలి రోజులు. తండ్రి చేతిలో పొడుగాటి గెడ, దాని చివర చిక్కం, చిక్కం అంచుకు చిన్న కత్తి. కాయను చిక్కంలోకి తీసుకుని, తొడిమ బెత్తెడు మిగిలేలా కోస్తున్నాడు. కింద భార్య ఆ తొడిమలు విరిచి, కాయల్ని గడ్డి మీద బోర్లా పేరుస్తోంది. సొనంతా కిందికి కారిపోవాలి. "కాయ మీద పడితే నల్ల చార వచ్చేస్తదండి. అమ్మే చోట ముందు దాన్నే పక్కకు తీసేస్తారు" అంది.

మాస్టారు సంగతి ఎత్తగానే ఆయన గెడను చెట్టుకు ఆనించాడు. "బెజవాడ నుంచి కాలేజీ పీఆర్వో వచ్చాడు సార్. ఫీజు లేదు, హాస్టల్ ఖర్చు లేదు, పిల్లని పంపితే చాలన్నాడు. మరి ఏ సెక్షన్లో కూర్చోబెడతారయ్యా అంటే మాత్రం చెప్పడు."

ఈ ప్రశ్న అడగడం పెద్దపెద్ద ఉద్యోగస్తులకే తోచదు. మార్కులను బట్టి సెక్షన్లు విడదీసి, మంచి లెక్చరర్లను పై సెక్షన్‌కు పంపి, కింద ఉన్నవాళ్లకు మిగిలినవాళ్లతో సరిపెట్టే చోట్లు ఉన్నాయి. ఉచిత సీటుకు బదులు ఆ పిల్ల ఫొటో ఫ్లెక్సీ మీద పడుతుంది, అంతవరకే హామీ.

ట్రిపుల్ ఐటీ మీద ఈ ఇంటికి గురి కుదరడానికి దగ్గర కావడం ఒక్కటే కారణం కాదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ప్రాంగణాలు తెరిచినప్పుడే కొలత మార్చారు. కోచింగ్ కొనుక్కున్నవాళ్లకు కలిసొచ్చే ప్రవేశ పరీక్ష తీసేసి పదో తరగతి మార్కులే లెక్కన్నారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం డిప్రివేషన్ స్కోర్ కలుపుతారు. తొలి ఛాన్సలర్ కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్లినాయన. మొదటి ఏడాది ఒక్కో ప్రాంగణంలో రెండేసి వేల మందిని చేర్చుకున్నారు. విభజనలో బాసర తెలంగాణకు పోయింది, తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. చదువు ఆరేళ్లు: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్.

ఇరవై ఒకటో ఏడు వరకు ఎక్కడ ఉండాలో పదిహేనేళ్ల పిల్లను తేల్చుకోమనడం నా మటుకు తొందరే. కానీ ఇంటర్ కాగానే డబ్బు దగ్గరో పెళ్లి దగ్గరో చదువు ఆగిపోయే ఇళ్లున్నాయి. అక్కడ ఆరేళ్ల సీటు చేతికొస్తే మధ్యలో ఆపించాలన్నా ఇంట్లోవాళ్లకు నోరు రాదు.

తల్లి అనుమానం వేరు. "ఓపెన్లో వస్తే మా ఎస్సీ సీటు వదులుకున్నట్టేనా మాస్టారూ?" కాదు, ఇంకో పిల్లకు ఇచ్చినట్టు అన్నాడాయన. ఓపెన్‌కు సరిపడా మార్కులున్నవాళ్లను రిజర్వేషన్ లెక్కలో వేయకూడదు. ఉద్యోగాల విషయంలో 1992లో ఇందిరా సాహ్నీ తీర్పు ఈ మాటే చెప్పింది. చిక్కంతా కాలేజీ ఎంచుకునేటప్పుడు వస్తుంది. ఓపెన్లో ఒకచోట సీటొచ్చిన పిల్ల, అంతకంటే నచ్చిన చోటికి రిజర్వేషన్ మీద వెళ్తే, ఖాళీ అయిన ఓపెన్ సీటు ఎవరికి? మెడికల్ సీట్ల విషయంలో 2001 నాటి 550 జీవో దీనికి జవాబిచ్చింది: ఆ సీటు ఆ పిల్ల వర్గం వాళ్లకే పోవాలి. ఆ నంబరు డాక్టరు కావాలనుకున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల ఇళ్లలో నలిగినంతగా వేరేచోట వినబడదు.

రూలు ఇంత స్పష్టంగా ఉన్నా, క్లాసులో పక్కన కూర్చున్నవాడికి ఇవేమీ పట్టవు. ఎస్సీ పిల్ల అనగానే మార్కులు అడక్కుండానే రాయితీ సీటని తేల్చేస్తాడు. అమెరికాలో నల్లజాతి ఫస్ట్ ర్యాంకర్లకూ ఇదే తలనొప్పి. అయితే వాళ్లకు నల్లజాతి విద్యార్థులే ఎక్కువగా ఉండే హోవర్డ్ విశ్వవిద్యాలయం లాంటివి ఉన్నాయి. 1867లో వాషింగ్టన్‌లో పుట్టిన ఆ సంస్థలో నీకు సీటెలా వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. మన సాంఘిక సంక్షేమ గురుకులాలు కొంతవరకు అలాంటి నీడనిస్తాయి. కానీ బీటెక్‌కు మళ్లీ అందరిలోకి రావాల్సిందే.

సాయంత్రం పిల్లతో మాట్లాడాను. ఆమె మొదటి ఆప్షన్ ఇడుపులపాయ అంది. ఇంటి దగ్గర ప్రాంగణం ఉంచుకుని కడప జిల్లాకా అని తల్లి నెత్తి కొట్టుకుంది. "ఇక్కడైతే మా బడివాళ్లు చాలామంది వస్తారు సార్. నాది ఏ కాలనీనో అందరికీ తెలుసు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు కదా." గొంతులో ఫిర్యాదేమీ లేదు. బస్సు టైములు చెప్పినంత మామూలుగా చెప్పింది.

దానికి జవాబు మా ఎవరి దగ్గరా లేదు. సెలవులకు వచ్చిన పక్కింటి అమ్మాయి చెప్పింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలోనే బీటెక్ మూడో ఏడు. "ఎంత దూరం పోయినా లిస్టులో పేరు పక్కన కేటగిరీ ఉంటది చెల్లీ. దాచుకుని ఆరేళ్లు ఉండలేవు. నీకు లెక్క తెలీకపోతే రాత్రి పదింటికి ఎవరి రూమ్‌కి పోతావో అది చూసుకో."

"ఇక్కడైతే ఎవరున్నారక్కా?"

"నేనున్నాగా. నాతో ఇంకో నలుగురున్నారు."

పిల్ల వెంటనే ఒప్పుకోలేదు. పీయూసీ అయ్యాక జేఈఈ రాసి బయటికి పోవచ్చా, పోతే సర్టిఫికెట్లు ఇస్తారా, ఈ అక్క కోర్సు అయిపోయి వెళ్లిపోతే తర్వాత ఎవరుంటారు అని ఒక్కొక్కటీ అడిగింది. చివరి ప్రశ్నకు అక్క నవ్వేసి, "అప్పటికి నీ దగ్గరికి జూనియర్లు వస్తారే" అంది.

మర్నాడు నెట్ సెంటర్లో నూజివీడు మొదట, ఇడుపులపాయ తర్వాత పెట్టింది. ఒంగోలు మూడు, శ్రీకాకుళం నాలుగు. ఫీజు తండ్రి కట్టాడు. కోత మానుకుని వచ్చాడు గనుక ఆ రోజు కూలి లేదు.