రక్తపోటు యంత్రము – ఎంపిక

జ్వరము వచ్చినచో ఒళ్ళు కాలును. పన్ను పుచ్చినచో నొప్పి పుట్టును. పెక్కు రోగములు తమ రాకను తామే చాటుకొనును. రక్తపోటు అట్టిది కాదు. అది అనేకులలో ఏ బాధయు కలిగింపక ఏండ్ల తరబడి లోలోపలనే యుండి, ఒకనాడు పక్షవాతముగనో, గుండెపోటుగనో, మూత్రపిండముల వ్యాధిగనో బయటపడును. దానిని పసిగట్టుటకు కొలత తప్ప వేరు మార్గము లేదు. కొలత తప్పినచో చికిత్సయు తప్పును. ఇంట వాడుకొను రక్తపోటు యంత్రమును ఎన్నుకొనుటలో మాకు తెలియవచ్చిన సంగతులను తోడి విద్యార్థులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా పట్టణమందలి ఒక వైద్యుని యొద్ద మా అమ్మీకి రక్తపోటు 160/96 అని తేలినది. వైద్యుని ఎదుట కలుగు బెదురుచే అంకె పెరుగువారు కలరు. అక్కడ సరిగానుండి ఇంట పెరుగువారును కలరు. అందుచే ఆయన వెంటనే మందు వ్రాయక, "వారం రోజులు ఇంట్లో చూసి రాసుకు రండమ్మా, మందు సంగతి అప్పుడు చూద్దాం" అని పంపిరి. ఇంటిలో అభిప్రాయములు రెండుగా చీలినవి. ఆనాటి నుండియే మందు మొదలుపెట్టవలెనని అబ్బా పట్టుపట్టిరి. "నాకే నొప్పీ లేదు బేటా, లేని రోగానికి గోలీలెందుకు?" అని అమ్మీ అనిరి. ఇదే మాట అనుచు మాత్రలు మానివేసిన మా పెద్ద ఖాలా, కొంతకాలమునకు పక్షవాతమునకు లోనై, కుడిచేయి స్వాధీనము తప్పి యున్నారు. కావున మాకు భయము తక్కువ కాదు. ఈ తగవును తీర్చవలసిన యంత్రమే తప్పుడు సాక్ష్యము చెప్పినచో గతి ఏమి?

అంగడిలో అద్దాల బీరువా నిండ యంత్రములున్నవి. ఒకటి మాటలాడును, ఒకటి ఫోనుతో కలియును, ఒకటి గడియారము వలె మణికట్టునకు ఇమిడిపోవును. ఈ సొగసులను ప్రక్కకు పెట్టి, మేము మూడు ప్రశ్నలు మాత్రమే వేసితిమి.

మొదటిది: యంత్రము దండచేతికా, మణికట్టునకా? మణికట్టు యంత్రము తేలికయే గాని, కొలుచునపుడు ఆ చేయి గుండె ఎత్తున నిలువవలెను. గుండెకు 10 సెంటీమీటర్లు దిగువనున్నచో అంకె సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగును. ఎగువనున్నచో అంతయే తగ్గును. కావున దండచేతికి పట్టీ చుట్టు యంత్రమునే కోరితిమి.

రెండవది: పట్టీ చేతికి సరిపోవునా? ఇదియే అన్నింటికంటె ముఖ్యమైనది, అందరును మరచునది. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి చేతికి గాలిపట్టీ చుట్టి కొలుచు సాధనమును రూపొందించెను. ఆ పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లే. ఇరుకు పట్టీ అంకెను హెచ్చుగా చూపునని 1901లో జర్మనీకి చెందిన ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ తెలిపి, వెడల్పైన పట్టీని వాడుకలోనికి తెచ్చెను. నూరేండ్లు దాటినను ఈ పొరపాటు మన ఇండ్ల నుండి పోలేదు. అమ్మీ బట్టలు కుట్టు టేపుతోనే, భుజము కొనకును మోచేతికిని నడుమ, ఆమె దండచేతి చుట్టుకొలతను ముందే తీసికొంటిమి. 35 సెంటీమీటర్లు వచ్చినది. అంగడిలో మొదట చూపిన పెట్టెపై 22 నుండి 32 అని యున్నది. "అందరికీ ఇదే సరిపోతుందండీ, పట్టీ అంటుకుంటే చాలు" అని అంగడివాడు అనెను. అంటుకొనుట వేరు, సరిపోవుట వేరు. 22 నుండి 42 వరకు పనికివచ్చు పట్టీ గలదానిని తెప్పించుకొంటిమి.

మూడవది: ఆ నమూనాను స్వతంత్రముగా పరీక్షించిరా? 1905లో రష్యా వైద్యుడు కొరట్కోవ్ చూపిన పద్ధతిలో వైద్యుడు స్టెతస్కోపుతో నాడీ ధ్వనులను వినును. ఇంటి యంత్రములు సాధారణముగా ధ్వనులను వినవు. పట్టీలోని గాలి సన్నగిల్లునపుడో నిండునపుడో రక్తనాళము కలిగించు కంపనములను గ్రహించి, తయారీదారు అమర్చిన లెక్క చొప్పున రెండు అంకెలను తేల్చును. ఆ లెక్క తయారీదారుల గుట్టు. కావున ఒక నమూనా మంచిదైనంత మాత్రమున అదే కంపెనీ యొక్క వేరొకటి మంచిదని చెప్పరాదు. సాధారణముగా 85 మందికి తక్కువ గాకుండ మనుష్యులపై, తర్ఫీదు పొందిన పరీక్షకుల కొలతలతో పోల్చి చూచు అంతర్జాతీయ ప్రమాణము 2018లో వెలువడినది. అట్టి పరీక్షలలో నెగ్గిన నమూనాల పట్టికలను స్ట్రైడ్ బీపీ వంటి సంస్థలు ప్రకటించుచున్నవి. పెట్టెపైనున్న నమూనా సంఖ్యను అక్షరము పొల్లుపోకుండ ఆ పట్టికతో సరిచూచితిమి. గర్భిణీ స్త్రీలకు వారి విషయమున ప్రత్యేకముగా పరీక్షింపబడిన నమూనా కావలెను. గుండె లయ తప్పి కొట్టుకొనువారి విషయమున ఈ యంత్రములపై పూర్తిగా ఆధారపడరాదు. వారు వైద్యుని అడుగవలెను.

మంచి యంత్రమును కొన్నంతనే పని తీరదు. కొలతకు ముందు అరగంట వరకు చాయ, కాఫీ, పొగాకు కూడదు. మూత్రవిసర్జన చేసికొని, వీపునకు ఆనిక గల కుర్చీలో, పాదములు నేలపై నుంచి, కాలిపై కాలు వేయక, అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. పట్టీని బట్టపై గాక ఒంటిపైననే చుట్టి, చేతిని గుండె ఎత్తున బల్లపై నుంచి, మాటలాడకుండ కొలువవలెను. ఉదయము రెండు మారులు, సాయంత్రము రెండు మారులు, నడుమ ఒక నిమిషము విరామముతో చూడవలెను. తొలుత రెండు చేతులను చూచి, హెచ్చు చూపిన చేతినే పిమ్మట వాడవలెను. ఏడు దినములు వ్రాసి, మొదటి దినపు అంకెలను వదలి, మిగిలిన వాని సగటును తీయవలెను.

అమ్మీ ఆ అంకెలను ఒక నోటుపుస్తకములో ఉర్దూ అంకెలతో స్వయముగా వ్రాసికొనిరి. వైద్యునికి తెలియుటకై మేము ప్రక్కన మరల వ్రాసితిమి. 24 కొలతల సగటు 141/88. ఆసుపత్రిలో 140/90 హద్దుగా ఎంచుదురు. ఇంటి కొలతలకు 135/85 హద్దు. ఆసుపత్రి అంకె కంటె తక్కువే గాని, హద్దు దాటినమాట నిజము. అమ్మీ ఆ పుటను చాలసేపు చూచి, "నా చేత్తో నేను రాసినవేగా, ఇక కాదని ఎలా అంటాను?" అనిరి. వైద్యుడు ఒక మాత్రను ప్రారంభించిరి. అబ్బా తొందరయు, అమ్మీ నిరాకరణయు రెండును ఆ పుట ఎదుట శాంతించినవి. మేము వాదించి సాధింపలేనిది ఆమె చేతివ్రాత సాధించినది.

ఒక హెచ్చరిక. యంత్రము చూపిన అంకెను బట్టి మాత్రను పెంచుట, తగ్గించుట, మానుట మన పని కాదు. అది వైద్యుని పని. గంట గంటకు కొలుచుకొని బెంగ పెట్టుకొనుటయు తగదు. అయితే అంకె 180/120 దాటి, గుండెనొప్పి, ఆయాసము, మాట తడబడుట, కాలుచేయి పట్టు తప్పుట వంటివి కానవచ్చినచో క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేరవలెను.

సోదర సోదరీమణులారా! కుట్టు టేపు లేని ఇల్లు మనలో అరుదు. యంత్రము కొనుటకు డబ్బు తీయకమునుపే పెద్దల దండచేతిని దానితో కొలిచి, ఆ అంకెను చీటిపై వ్రాసికొని అంగడికి వెళ్ళుడు. అంగడివాని మాట కంటె ఆ చీటి మీకు మేలు చేయును.